మన ఊరికి తెలుగు మోసుకొచ్చిన పెట్టె

ప్లాటినం జూబిలీ సంచికలో ప్రధానోపాధ్యాయిని వ్యాసమనగానే పాఠశాల స్థాపన, భవన నిర్మాణం, దాతల పేర్లు, ఉత్తీర్ణుల సంఖ్య మొదలైన విషయాలు ఉండవలెనని పాఠక మహాశయులు ఎదురుచూచుట సహజం. అవన్నీ ఈ సంచికలోనే కార్యదర్శిగారి నివేదికలో సవివరంగా ఉన్నవి. ముప్పది ఏండ్లుగా చరిత్ర బోధిస్తూ వచ్చినదానిని గనుక, ఉత్సవ సంఘంలో మూడు సమావేశాలపాటు నలిగిన ఒక చిన్న ప్రశ్నను పట్టుకొని చరిత్ర వ్యాసం వ్రాయ సాహసిస్తున్నాను. బరంపురం పెద్ద బజారులో ఒక పాత సామానుల దుకాణంలో ఉన్న చెడిపోయిన వాల్వు రేడియోను మన పాఠశాల ప్రదర్శన గది కొరకు కొనవలెనా, మానవలెనా అన్నదే ఆ ప్రశ్న.

దుకాణదారు అడిగిన ధర తొమ్మిది వేల రూపాయలు. బాగుచేయుటకు మరి ఆరేడు వేలు పట్టునని అంచనా. ఆ మొత్తంతో గ్రంథాలయానికి రెండు ఇనుప బీరువాలు వచ్చును. పైగా అది పూర్వ విద్యార్థులు ఎక్కడెక్కడినుండో పంపిన విరాళపు సొమ్ము. మా గణిత ఉపాధ్యాయులు మొహమాటం లేని మనిషి. "మేడమ్ గారూ, పలకని పెట్టెకు పదిహేను వేలా? అవతల వాన కురిస్తే నాలుగవ తరగతి గది కారుతున్నది" అన్నారు. ఆనాడు నావద్ద సమాధానం లేదు. వెళ్లి చూచి వచ్చిన తరువాత మాట్లాడుదామని మాత్రం అన్నాను.

దుకాణదారు మర్యాదస్తుడు. తెలుగు, ఒడియా, హిందీ మూడు భాషలలోను ఒకే ధర చెప్పినాడు. రేడియో పెద్దదే. పైన సన్నని పాలిషు పొర వేసిన చెక్క పెట్టె, ముందు భాగాన వన్నె తగ్గిన బంగారు రంగు గుడ్డ, దాని క్రింద పొడవైన గాజు డయలు. నాలుగు నాబులకు మూడే మిగిలినవి. వెనుక నుండు అట్ట పలకను ఒక మూల ఎలుక కొరికినది. అడుగు చెక్కలో పురుగు తొలిచిన సన్నని రంధ్రాలున్నవి. "ఇది గంజాం మద్రాసులో ఉన్ననాటి సరుకు అమ్మగారూ. ఒక జమీందారుగారి దివాణం నుండి వచ్చినది. ప్లగ్గు పెట్టమంటారా? పాడుతుంది" అన్నాడు. ప్లగ్గు మాత్రం పెట్టవద్దని బ్రతిమాలుకొన్నాను. అందుకు కారణం తరువాత చెప్పెదను. ముందుగా నన్ను పట్టుకొన్నది "మద్రాసులో ఉన్ననాటిది" అన్న మాట. చరిత్ర ఉపాధ్యాయినికి అటువంటి మాట చెప్పి ఊరకుండమనుట కష్టం.

అతని మాట నిజమైతే ఆ రేడియో 1936 ఏప్రిల్ 1వ తేదీకి ముందుది కావలెను. ఆనాడే ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, బరంపురం, ఛత్రపురం మద్రాసు రాజధాని నుండి విడివడి అందులో చేరినవి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు మద్రాసులోనే నిలిచి విశాఖపట్టణం జిల్లాలో కలిసినవి. ఇచ్ఛాపురం మనకు పాతిక కిలోమీటర్ల దూరం. పెండ్లి సంబంధాలు, వ్యాపారాలు, దేవతల జాతరలు అన్నీ కలిసియున్న జనం నడుమ ఒక గీత పడినది. ఆ గీత న్యాయమా అన్యాయమా అన్న వాదం మన పెద్దల కాలంలో ఎంతో జరిగినది; ఇక్కడ దానిని మరల తెరువను. బరంపురం తెలుగువారికి ఆనాటినుండి బడి, పుస్తకం, పత్రిక అన్నీ ఆవలివైపునుండి తెప్పించుకొనవలసిన వస్తువులైనవన్నది మాత్రం కాదనలేని సంగతి.

ఆ కాలానికి రేడియో ఏ స్థితిలో ఉన్నదో చూతము. దక్షిణ దేశంలో తొలి ప్రయత్నం సి.వి. కృష్ణస్వామి చెట్టిగారిది. 1924 మే 16న ఆయన చొరవతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టినది. సంగీతాభిమానులు, శాస్త్రాభిమానులు చందాలు వేసుకొని నడిపిన సంస్థ అది. సొమ్ము చాలక 1927లో మూతపడినది. వారి పరికరాలను మద్రాసు కార్పొరేషను తీసుకొని 1930 ఏప్రిల్ 1 నుండి తానే ప్రసారాలు సాగించినది. ఈలోగా 1927 జూలై 23న బొంబాయిలోను, ఆగస్టు 26న కలకత్తాలోను ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రాలు తెరచినది. మూడేండ్లు తిరుగకుండగనే అదియు దివాలా తీయగా, 1930లో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. కనుక 1936కు ముందు గంజాంలో ఒక సంపన్నుని ఇంట విదేశాలనుండి వచ్చిన రేడియో ఉండుట అసంభవమేమీ కాదు. కలకత్తా ప్రసారం ఆయన వినియుండవచ్చును. కాని అందులో తెలుగు వినబడుటకు అవకాశం లేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించితిని. ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న పుట్టినది. అదే సంవత్సరం జూన్ 8న ప్రభుత్వ రేడియోకు ఆల్ ఇండియా రేడియో అను పేరు వచ్చినది. రెంటికి నడుమ అరువది ఎనిమిది రోజులు. నేలమీద గీత పడిన ఏడాదిలోనే, గీతలు లెక్కచేయని వస్తువొకటి దేశంలో నిలదొక్కుకొనినది. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె, "అయితే టీచర్, గాలికి సరిహద్దు లేదా?" అని అడిగినది. సరిహద్దు లేదు గాని దూరం ఉన్నదని చెప్పినాను.

తెలుగు మన ఊరికి గాలిలో వచ్చుటకు మరి రెండేండ్లు పట్టినది. 1938 జూన్ 16న మద్రాసులో ఆల్ ఇండియా రేడియో కేంద్రం ప్రారంభమై తమిళంతోపాటు తెలుగు కార్యక్రమాలు కూడ ప్రసారం చేసినది. ఆ కేంద్రానికి మీడియం వేవుతోపాటు షార్టువేవు ప్రసారం కూడ ఉండుటచేత వందల మైళ్ల దూరానగల ఊళ్లకు దాని ధ్వని అందెడిది. ఆ మద్రాసు కేంద్రంలోనే తెలుగు పిల్లల కార్యక్రమాలకు ప్రాణం పోసినవారు న్యాయపతి రాఘవరావుగారు. ఆయనను ఆంధ్రదేశమంతా రేడియో అన్నయ్య అని పిలిచినది. ఆయన సతీమణి కామేశ్వరిగారు రేడియో అక్కయ్య. ఇద్దరును కలిసి 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించినారు. 1945లో "బాల" పత్రిక వెలువరించినారు. పిదప 1956లో హైదరాబాదు చేరి అక్కడి కేంద్రం నుండి కూడ పిల్లలను అలరించినారు. కామేశ్వరిగారు 1980లోను, రాఘవరావుగారు 1984లోను కాలధర్మం చెందినారు.

వీరి గురించి ఇంతగా వ్రాయుటకు కారణమున్నది. రాఘవరావుగారు 1905లో జన్మించినది మన బరంపురంలోనే. మన ఊరిలో పుట్టిన భారత రాష్ట్రపతి వి.వి. గిరిగారి పేరు ప్రతి విద్యార్థికి తెలియును. ఆయన పేర వీధి ఉన్నది, బజారు ఉన్నది. రేడియో అన్నయ్య కూడ ఈ ఊరి బిడ్డయేనని మన పిల్లలలో ఎందరికి తెలియును? నిరుడు ప్రార్థనా సమావేశంలో అడిగితే ఒక్క చెయ్యి కూడ లేవలేదు. పిల్లలను అననేల? ఉపాధ్యాయుల వరుసలో కూడ రెండు చేతులకు మించి లేవలేదు. బరంపురంలో పుట్టిన మనిషి మద్రాసులో కూర్చుండి తెలుగున కథ చెప్పితే, ఆ కథ ఆకాశమార్గాన తిరిగి బరంపురం పిల్లల చెవిని చేరుటకు వీలు కలిగినది. ఇది తలచుకొన్న తరువాతనే ఆ పాత పెట్టె మీద నాకు మొదటిసారి మమకారం పుట్టినది.

ఇక 1948. ఆ సంవత్సరం మన ఊరి శ్రోతలకు రెండు వైపులనుండి రెండు గొంతులు వచ్చినవి. జనవరి 28న కటకం కేంద్రం ప్రారంభమైనది. మూడవ నాడే, జనవరి 30 సాయంత్రం, గాంధీ మహాత్ముని హత్య జరిగినది. మూడు రోజుల పసికందు వంటి కేంద్రానికి ఎంతటి దుర్వార్త మోయవలసి వచ్చినదో! అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెరువబడినది. మద్రాసులో తమిళంతో వేళలు పంచుకొనవలసిన తెలుగుకు అది సొంత ఇల్లు వంటిది. కటకం మనకు రైలు మార్గాన రెండు వందల కిలోమీటర్ల లోపు. విజయవాడ ఆరు వందల పైచిలుకు. అందుచేత ఒడియా పగలంతా స్పష్టంగా వినవచ్చెడిది. తెలుగు కొరకు చీకటి పడువరకు వేచియుండవలసి వచ్చెడిది.

దీనికి భౌతికశాస్త్రంలో కారణమున్నది. మీడియం వేవు తరంగాలను పగటిపూట పై వాతావరణంలోని ఒక పొర మ్రింగివేయును. సూర్యాస్తమయం తరువాత ఆ పొర పలచబడిపోగా, తరంగాలు ఇంకను పైనున్న పొరను తాకి వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగును. అందుకే ఆనాటి ఇండ్లలో డాబామీద రెండు వెదురు గడలు పాతి నడుమ రాగి తీగ కట్టెడివారు. మరియొక తీగను బావి ప్రక్క తడినేలలో ఎర్తుగా పాతెడివారు. కటకం వినుటకు ఈ హంగు అంతగా అవసరం లేదు. బరంపురం డాబాలమీది రాగి తీగలలో చాలావరకు తెలుగు కొరకు కట్టినవేనని నా ఊహ. 1963లో విశాఖపట్టణం కేంద్రం వచ్చినాక గాని ఈ తపస్సు తగ్గలేదు.

ఇంత తెలుసుకొని దుకాణానికి రెండవసారి వెళ్లినాను. ఈ పర్యాయం ఒక వృద్ధ మెకానిక్కుగారిని వెంటబెట్టుకొని వెళ్లితిని. దశాబ్దాలపాటు ఈ ఊరి రేడియోలకు వైద్యం చేసిన చెయ్యి ఆయనది. వెనుక పలక విప్పి టార్చి వేసి చూపించినారు. పాఠ్యపుస్తకం చదివినట్లు ఆ పెట్టెను చదువవచ్చునని అప్పుడే నాకు తెలిసినది.

మొదటి సాక్ష్యం డయలు. గాజుమీద ఇంగ్లీషు అక్షరాలలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, కటకంతోపాటు విజయవాడ పేరున్నది. విజయవాడ కేంద్రమే 1948 డిసెంబరులో పుట్టగా, ఆ పేరు ముద్రించిన డయలు 1936 నాటిది ఎట్లగును? రెండవది వాల్వులు. వాటిలో ఒకదానిమీద ఈఎల్ 84 అని ఉన్నది. వెలుపలికి శబ్దమిచ్చు ఆ చిన్న గాజు వాల్వు 1953 ప్రాంతంలో వాడుకలోకి వచ్చినది. పాతకాలపు వాల్వులు దీనికంటె చాల పెద్దవనియు, వాటి అడుగున నల్లని బేకలైట్ దిమ్మ ఉండెడిదనియు మెకానిక్కుగారు చెప్పినారు. మరియొక వాల్వుమీద బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర ఉన్నది. అది 1954లో స్థాపించిన ప్రభుత్వ సంస్థ. అనగా అసలు వాల్వు కాలిపోగా ఎవరో స్వదేశీ వాల్వు మార్చినారన్నమాట. మూడవది, స్టేషను సరిగా అందినప్పుడు పచ్చగా వెలిగి మూసుకొను చిన్న కన్ను. అది చూడగానే నాకు మా తాతగారి ఇల్లు జ్ఞాపకం వచ్చినది. ఆ సంగతి కొంచెం ఆగి చెప్పెదను.

నాలుగవ సాక్ష్యం డయలు గాజు అంచున ఉన్నది. విజయవాడకు కటకానికి నడుమ, కటకానికి కొంచెం దగ్గరగా, అగ్గిపుల్ల మందాన ఒక కాగితపు ముక్క అతికించియున్నది. దానిమీద నీలి సిరాతో "విశా" అని తెలుగున రెండే అక్షరాలు. నేను రేడియో వినిన రోజులలో విజయవాడ 837, విశాఖపట్టణం 927, కటకం 972 కిలోహెర్ట్జ్ వద్ద పలికెడివి. కాగితం సరిగ్గా ఉండవలసిన చోటనే ఉన్నది. కంపెనీవారు ముద్రింపని ఊరిని ఒక గృహస్థుడు తన చేతితో వ్రాసుకొన్నాడు. ఆ కాగితం 1963కు తరువాతిది కాక తప్పదు.

చివరకు అట్ట పలక లోపలివైపు దారంతో కట్టియున్న ఒక చిన్న పుస్తకం దొరికినది. అది రేడియో లైసెన్సు పుస్తకం. నేటి పిల్లలకు వింతగా తోచును గాని, ఆ రోజులలో రేడియో ఇంట ఉంచుకొనుటకు తపాలా కార్యాలయంలో ఏటేటా రుసుము చెల్లించవలసియుండెడిది. తొలినాళ్లలో సాలుకు పది రూపాయలు, తరువాత పదిహేను. లైసెన్సు లేని రేడియోను జప్తు చేయుటకు కూడ అధికారం ఉండెడిది. 1980వ దశకం నడుమ ఈ పద్ధతి రద్దయినది. మాకు దొరికిన పుస్తకంలో 1958 నుండి 1971 వరకు ఒక్క ఏడు కూడ తప్పకుండ బరంపురం తపాలా ముద్రలున్నవి. యజమాని పేరు స్పష్టంగానే ఉన్నది. ఆయన కుటుంబంవారి అనుమతి పొందలేదు గనుక ఇక్కడ వ్రాయను. తెలుగు ఇంటిపేరే. చిరునామాలోని వీధి మన బడికి ఎంతో దూరం లేదు. జమీందారుగారి దివాణం అక్కడితో కూలినది. పదునాలుగేండ్లు వేళ తప్పకుండ రుసుము కట్టిన ఒక సామాన్య సంసారి మిగిలినాడు. దుకాణదారు మొగం చిన్నబోయినది గాని, నాకు మాత్రం పెట్టె విలువ ఆ క్షణంలో పెరిగినది.

నా తీర్పులో పక్షపాతం లేదని చెప్పలేను. మా తాతగారి ఇంట ఇటువంటి రేడియోయే ఉండెడిది. ఉదయం తెలుగు వార్తల వేళకు ఆయన స్నానం ముగించి, తడి తువ్వాలు భుజాన వేసుకొని దాని ముందు కూర్చుండెడివారు. ఢిల్లీనుండి ఏడిద గోపాలరావుగారి వంటి వారు చదువు వార్తలు అయ్యేవరకు ఇంట ఎవరును గట్టిగా మాట్లాడరాదు. సాయంకాలం మాత్రం రాజ్యం మాది. సిలోను కేంద్రం నుండి మీనాక్షి పొన్నుదురైగారు వినిపించు తెలుగు పాటలకు మేము కాచుకొని ఉండెడివారము. 1987లో టీవీలో రామాయణం మొదలైన తరువాత మా ఇంటికి టీవీ వచ్చినది. దానికి చోటు కావలెను. అప్పటికి రెండు నెలలుగా రేడియో పలుకుట లేదు. "ఆ పెద్ద డొక్కు ఇంకెందుకు?" అని మొదట అన్నది నేనే. అప్పటికి నాకు పదిహేడేండ్లు. పాత ఇనుము కొనువాడు నలుబది రూపాయలిచ్చి, తాడు కట్టి సైకిలుమీద వేసుకొని పోయినాడు. తాడు తెచ్చి ఇచ్చినదానిని కూడ నేనే. తాతగారు ఏమియు అనలేదు. మరి కొన్ని దినాలవరకు ఆయన ఉదయం ఆ వేళకు అదే చోట కూర్చుండి గోడవైపు చూచి లేచిపోయెడివారు. ఆ రేడియోకు ఏమి జబ్బు చేసినదో కూడ మేము ఎవరికిని చూపించలేదు. పది రూపాయల కండెన్సరు ఒకటి పోయియుండునని ఇప్పుడు అనిపించును.

ప్లగ్గు పెట్టవద్దని ఎందుకన్నానో చెప్పవలసియున్నది. మెకానిక్కుగారి మాటలలోనే వినుడు: "అమ్మా, ఏండ్ల తరబడి నిద్రపోయిన రేడియోకు తిన్నగా కరెంటు ఇవ్వడం కంటె పెద్ద తప్పు లేదు. లోపలి కాగితపు కండెన్సర్లు తేమ త్రాగి ఉంటాయి. ఒకటి లీకయినా దానితో వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు రెండూ కాలిపోతాయి." అందుచేత మొదట పాత కండెన్సర్లు మార్చి, పిదప ఒక మామూలు బల్బును సీరీస్‌లో కలిపి కరెంటు ఇత్తురట. బల్బు నిండుగా వెలిగి అట్లే నిలిచినచో లోపల షార్టు ఉన్నట్లు. ఒక్కసారి వెలిగి మెల్లగా మందగించినచో ఆశ ఉన్నట్లు. స్విచ్చి ఆపిన తరువాత కూడ లోపల కొంతసేపు వందల వోల్టులు నిలిచియుండును గనుక పిల్లలను దగ్గరకు రానీయరాదని కూడ హెచ్చరించినారు. మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు లేని రకం రేడియోలు కూడ కొన్ని ఉన్నవి. వాటిలో లోపలి ఇనుప పళ్లెమే కరెంటు తీగకు తగిలియుండును. ఇది ఆ రకమైనచో నేను బడి గడప దాటనిచ్చియుండెడిదానిని కాను. దీనిలో ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. ఇద్దరు మోయవలసిన బరువు దానిదే.

కొనవలెనా వద్దా అన్నదానికి ఆయన చెప్పిన లెక్క నాకు నచ్చినది. కండెన్సర్లు, తీగలు, డయలు దారం, వాల్వులు బజారులో వెదకి మార్చుకొనవచ్చును. కనుక అవి చెడియున్నను భయపడనక్కరలేదు. డయలు గాజు పగిలినను, లోపలి కాయిల్సు తునిగినను, స్టేషన్లు పట్టు రేకుల కండెన్సరు వంగినను ఆ పెట్టెను అక్కడనే వదలి రావలెను; అటువంటివి నేడు క్రొత్తవి దొరకవు. మీటరు పెట్టి ఒక్కొక్కటి చూచినారు. గాజు క్షేమం, కాయిల్సు క్షేమం, మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు క్షేమం. స్పీకరుకు శబ్దమందించు చిన్న ట్రాన్స్‌ఫార్మరులో తీగ తెగినది. ఫ్యాన్లకు, మోటార్లకు తీగ చుట్టువారు మన ఊరిలోనే ఉన్నారు, చుట్టించవచ్చును. స్పీకరు అట్ట ఒకచోట చిరిగినది, పలుచని కాగితంతో అతుకు వేయవచ్చును. చెక్కకు క్రొత్త పాలిషు వేయించుదమా అని అడిగితే ఆయనకు కోపం వచ్చినది. "దాని వయసు దానికుండనీయండి" అన్నారు.

మూడవ సమావేశంలో అసలు చిక్కు ప్రశ్న వచ్చినది. బాగుచేసినను అది ఏమి వినిపించును? మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలైనది. ఇప్పుడు వినువారిలో ఎక్కువమంది ఎఫ్.ఎం. శ్రోతలే. ఈ పెట్టెకు ఎఫ్.ఎం. తెలియదు. దానికి తెలిసిన మీడియం వేవు, షార్టువేవు ప్రసారాలు తగ్గుచున్నవి. 2023లో ఆల్ ఇండియా రేడియో అను ఇంగ్లీషు పేరు కూడ విడిచిపెట్టి ఆకాశవాణి అను పేరే నిలుపుకొన్నారు. "రేడియో కాలం చెల్లినది మేడమ్" అని ఒక సభ్యులు అన్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు కరెంటు, ఫోను రెండును పోయిన చీకటిలో ఏమి పనిచేసినదో జ్ఞాపకం చేసుకొనుమన్నాను. మా వీధిలో ఒక ఇంట బ్యాటరీ ట్రాన్సిస్టరు ఉండెడిది. ఆ ఇంటి అరుగుమీద ఆ రెండు దినాలు కూర్చుండని వారు లేరు. అయితే కరెంటుతో నడుచు ఈ పెట్టె అప్పుడు కూడ పనికిరాదు గదా అని గణిత ఉపాధ్యాయులు వెంటనే అన్నారు. ఆ మాట నిజమే. ఒప్పుకొన్నాను.

కంప్యూటరు బోధించు చిన్న ఉపాధ్యాయులు ఒక ఉపాయం చెప్పినారు. లోపలి సామాను తీసివేసి బ్లూటూత్ పరికరం అమర్చినచో మూడు వేలతో పని అయిపోవును, ఏ పాటయైనను వినవచ్చును. నాకు మనసొప్పలేదు. అట్లు చేసినచో మిగులునది రేడియో తొడుగు మాత్రమే. దానికి మెకానిక్కుగారే మార్గం చూపించినారు. ఇటువంటి రేడియోల వెనుక గ్రామఫోను కలుపుటకు రెండు రంధ్రాలుండును. లోపల ఒక్క తీగ కూడ కదల్చకుండ, తగిన జాగ్రత్తతో, మనం రికార్డు చేసిన శబ్దాన్ని అక్కడినుండి పంపవచ్చును. వాల్వులు వేడెక్కి, డయలు వెలిగి, ఆ పాత స్పీకరే పలుకును. సాయంత్రం వేళ మీడియం వేవులో ఏది అందినచో అది కూడ విందుము. మన పూర్వ విద్యార్థులలో డెబ్బది, ఎనుబది ఏండ్లు దాటినవారున్నారు. ఆనాటి బరంపురంలో తెలుగు చదువు ఎట్లుండెడిదో వారిచేత తెలుగున చెప్పించి రికార్డు చేయు పని తొమ్మిదవ తరగతి పిల్లలకు అప్పగించినాము. ఇప్పటికి పదకొండుగురు మాట్లాడినారు. ఇంట ఒడియా, బడిలో తెలుగు, ఫోనులో ఇంగ్లీషు హిందీ కలిపి మాట్లాడు మన పిల్లలు, ఒక పెద్దమనిషి అరగంటసేపు తెలుగున చెప్పినది శ్రద్ధగా విని వ్రాసుకొనుట నేను చూచితిని. ఇటీవలి కాలంలో అటువంటి దృశ్యం అరుదు.

సొమ్ము విషయం కూడ స్పష్టంగా చెప్పవలెను. విరాళపు నిధినుండి ఒక్క రూపాయి కూడ దీనికి తీయలేదు. నాలుగవ తరగతి గది కప్పు పని వేసవి సెలవులలో జరుగును. ఆ సొమ్ము ఆ పనికే ప్రత్యేకించినాము. రేడియో కొరకు ఉపాధ్యాయులము చందా వేసుకొన్నాము. మొదటి అయిదు వందలు గణిత ఉపాధ్యాయులే ఇచ్చినారు. "పలకకపోతే మాత్రం తిరిగి ఇవ్వాలి మేడమ్ గారూ" అని షరతు పెట్టినారు. దుకాణదారు తొమ్మిది వేలనుండి ఆరు వేల అయిదు వందలకు దిగినాడు. "రాజులనాటిదని చెప్పుకుంటే ఇంకెవరైనా కొనేవారు. మీ చరిత్ర వలన నాకు నష్టం వచ్చింది అమ్మగారూ" అని నవ్వుచు రశీదు వ్రాసి ఇచ్చినాడు. ప్రదర్శన గదిలో ఆ పెట్టె ప్రక్కన ఉంచు చీటీమీద జమీందారు ప్రసక్తి ఉండదు. "బరంపురంలోని ఒక తెలుగు కుటుంబపు రేడియో; లైసెన్సు 1958–1971" అని మాత్రమే ఉండును. లైసెన్సు పుస్తకం, మార్చిన పాత కండెన్సర్లు ఒక గాజు పెట్టెలో దాని ప్రక్కనే ఉంచెదము. "విశా" అను కాగితాన్ని ఎవరును తుడువరాదని మెకానిక్కుగారికి మూడుసార్లు చెప్పినాను.

ఇది వ్రాయు సమయానికి రేడియో ఆయన బల్లమీద ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు తీగ చుట్టి వచ్చినది. సీరీస్ బల్బు ఒకసారి వెలిగి మందగించినదని మొన్న కబురు పంపినారు. నాలుగవ నాబు మాత్రం ఎక్కడను దొరకలేదు. బొద్దింక రంగు బేకలైటుది, రూపాయి బిళ్లకంటె కొంచెం పెద్దది, అంచు చుట్టు సన్నని ఇత్తడి వలయం ఉండును. పూర్వ విద్యార్థులలో ఎవరి అటకమీదనైనను, ఎవరి కుట్టుమిషను సొరుగులోనైనను అటువంటిది పడియున్నచో, దయచేసి పాఠశాల కార్యాలయంలో అందజేయ ప్రార్థన.